విడుపు

పెబ్బేరు సంత రోడ్డు మీద మా దుకాణం.
శనివారం తెల్లారక ముందే
పలుపులమ్మేటోళ్లు మా షెట్టరు ముంగట పరుస్తరు:
నారవి, నైలానువి,
మువ్వలు కుట్టిన ముకుతాళ్లు.
అందరూ కట్టేసేవే అమ్ముతరు.
నేనొక్కణ్ణే ఇడిశేది అమ్ముత.

అరచేతిల పడుతది, సూడు.
కింద రింగు, మీద వంకర నాలుక,
నాలుకను మూసి పట్టిన గొట్టం ముక్క.
ఎద్దు ఎంత గుంజితే నాలుక అంత బిగుస్తది,
గొట్టం మాత్రం బిగియ్యది.
బొటనవేలుతోని కిందికి జార్చు.
టక్.
ముసలవ్వ వేలైనా సాలు.

బోరు పైపు తెగ్గోసి గొట్టం జేసిన,
ట్రాక్టరు బోల్టు కాల్చి వంచి నాలుక జేసిన.
లోపలి స్ప్రింగు కోసం ఎన్ని గొడుగులు ఇరగ్గొట్టిన్నో
మా ఇంటామెను అడుగు,
లెక్క ఇంకా ఆమె కాడనే ఉన్నది.

మా నాయిన మోనాచారి ముడి ఏస్తే
యముడు గూడ ఇప్పలేడనేటోళ్లు.
ఆ ఎండకాలం కరెంటు వైరు తెగి
కొట్టం మీద పడ్డది.
రెండు కోడెలు.
ఒకటి తలుగు తెంపుకొని బయటపడ్డది.
మచ్చల కోడె గుంజింది.
గుంజిన కొద్ది ముడి రాయయ్యింది.
కొడవలి కోసం ఇంట్లకు ఉర్కలే నాయిన,
నా ముడి నాకు రాదా అనుకున్నడు.
గోర్లతోని సూశిండు, పండ్లతోని సూశిండు.
కాళ్లు వట్టి ఈడ్సుకొచ్చినం ఆయనను.
పిడికిట్ల తాడు పీసులు.

తర్వాత పదకొండేండ్లు బతికిండు.
ఒక్క ముడి ఎయ్యలే.
లాగు నాడ గూడ అమ్మనే కట్టేది.

"ఇడిశేతందుకు పైసలు వెట్టాల్నా?"
అని నవ్వుతరు సంతకొచ్చినోళ్లు.
"దొంగలకు మస్తు అల్కగైతది" అన్నడు ఒకాయన.
నిజమే.
దొంగ ముందొస్తడా, మంట ముందొస్తదా
నాకేం ఎరుక?

నల్లగొండ నుంచి మౌలాలి వచ్చిండు,
పెండ్లి గుర్రం ఉన్నది ఆయనకు, షబ్నం.
రెండు కొన్నడు, బేరమాడలే.

నెలకు మళ్ల వచ్చిండు.
స్టూలేస్తే కూసోలే.
"దేవరకొండ రోడ్డుల బరాత్, చారీ.
దాన్ని స్తంభానికి కట్టి
రోడ్డవుతల చాయ్ తాగుతున్న.
పదివేల పటాకుల దండ అంటువెట్టిన్రు.
షబ్నం రెండు కాళ్ల మీద లేశింది,
మెడకు తాడు, కండ్లు తెల్లగ.
లైట్లు మోసే పిల్ల ఉంటది సూడు,
తల మీద బరువు తల మీదనే ఉంచి
ఒక్క చేత్తోని గొట్టం జార్చింది."

"టక్కుమన్నదా?" అనడిగిన.
"డీజేల ఏం ఇనవడ్తది?
ఉరికింది. పెండ్లికొడుకు నడిశి పొయ్యిండు,
నాకు కిరాయి ఎగ్గొట్టిన్రు.
రాత్రంత దేవులాడిన.
తెల్లారి పెట్రోలు బంకు కాడ దొరికింది,
జీను పొట్ట కిందికి జారి,
మెడల దండ సగం నమిలి,
డ్రమ్ముల మూతివెట్టి నీళ్లు తాగుతుండె.
ఇడిశేది జేసినవ్, మంచిదే.
తిరిగి తెచ్చేదొకటి జెయ్యి."

నవ్వబోయిన.
ఆయన నవ్వుతలేడు.
"గది నాకు రాదు మౌలాలీ" అన్న.
జరసేపు షెట్టరు వట్టుకొని నిలవడ్డడు.
ఇంకో నాలుగు కట్టుమన్నడు కాయితంల.

రాత్రి ఇంటికొచ్చి బర్రెను కట్టేసిన.
ఎందుకో మరి, గొట్టం ఒకసారి జార్చి సూశిన.
టక్.
బర్రె తల తిప్పి నా దిక్కు సూశింది,
మళ్ల గడ్డిల మూతివెట్టింది.
తాడు దాని కాళ్ల కాడ పడున్నది.
వంగి, తీసి,
మళ్ల తగిలించిన.